డెల్టా డిగ్రీ కాలేజీ నుంచి సెంట్రల్ యూనివర్సిటీ మాస్ కమ్యూనికేషన్ సీటు దాకా

అమలాపురంలోనో పాలకొల్లులోనో భీమవరంలోనో డిగ్రీ చదువుతూ, జర్నలిజమో మీడియానో పట్టుకోవాలని మనసులో ఉండి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) లాంటి పేర్లు వినగానే "అక్కడ మనకెవరిస్తార్లే" అని వదిలేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చూసినంతలో మన వైపు పిల్లలకి ఈ సీట్లు పరీక్ష హాల్లో తప్పిపోయేది తక్కువ. పరీక్షకి ముందు కాగితాల దగ్గర, పరీక్ష అయ్యాక పోర్టల్ దగ్గర తప్పిపోయేదే ఎక్కువ. ఇంగ్లీషు గురించి పడే టెన్షన్‌లో పావు వంతు తహసీల్దార్ ఆఫీసు గురించి పడితే చాలామంది గట్టెక్కేవాళ్లు. అందుకని ఇందులో కాగితాల గోల కాస్త ఎక్కువే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక సందేహం. అమెరికాలో ఉన్న మేనమామ కొడుకు కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి తిన్నగా పెద్ద యూనివర్సిటీలో మూడో ఏడాదికి వెళ్లిపోయాడు, మనకీ అలా కుదురుతుందా అని అడుగుతుంటారు. అక్కడ, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, దానికి ఏర్పాటు ఉంది. కమ్యూనిటీ కాలేజీలో చదివిన ఏ సబ్జెక్టు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో ముందే చూసుకుని చదువుకుంటారు. (కమ్యూనికేషన్ లాంటి గిరాకీ ఉన్న మేజర్లకి అక్కడా పోటీ గట్టిగానే ఉంటుంది, అది వేరే సంగతి.) మన దగ్గర 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని ఒకటి పెట్టారు, చదివిన క్రెడిట్లు అందులో జమవుతాయి, వేరే యూనివర్సిటీకి పట్టుకెళ్లొచ్చు అన్నారు. కానీ మీరు పట్టుకెళ్లాలంటే అవతల యూనివర్సిటీ మధ్యలో చేర్చుకుంటామని నోటిఫికేషన్ ఇవ్వాలి కదా, దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే డిగ్రీ అయిపోతుంది. ఆ క్రెడిట్ బ్యాంక్ ఐడీ డిజిలాకర్‌లో తెరిచి పెట్టుకోండి, నష్టం లేదు. ఆశ మాత్రం దాని మీద పెట్టుకోకండి. డిగ్రీ ఇక్కడే పూర్తి చేసి, పీజీకి అక్కడికి వెళ్లడమే మనకి తిన్నగా ఉన్న దారి.

డిగ్రీలో జర్నలిజం లేకపోతే ఎలా అని కంగారు పడక్కర్లేదు. ఈ పీజీలకి చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా సరే, మార్కులు మాత్రం యాభై శాతం దగ్గర ఉండాలంటారు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి కొంత సడలింపు. బీకామ్ కంప్యూటర్స్ వాళ్లు వెళ్లొచ్చు, బీఎస్సీ ఆక్వాకల్చర్ వాళ్లూ వెళ్లొచ్చు. ఆక్వా చదివినవాడికి జర్నలిజంలో ఏం పని అని ఇంట్లో అడుగుతారు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు భీమవరం చెరువు గట్టు మీద రొయ్యల రైతు ఎందుకు తల పట్టుకున్నాడో కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) లెక్కతో సహా చెప్పగలిగే కుర్రాడు ఎన్ని న్యూస్ డెస్కుల్లో ఉన్నాడో మీరే చెప్పండి.

ఎక్కడెక్కడ పెట్టాలి

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద కమ్యూనికేషన్ విభాగం ఉంది, మన వాళ్లకి మొదటి టార్గెట్ అదే అవ్వాలి. క్యాంపస్‌లో బోల్ హైదరాబాద్ అని సొంత కమ్యూనిటీ రేడియో ఉంది, ఫీజు తక్కువ, తెలుగు వాతావరణం ఉంటుంది, చుట్టూ దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. హైదరాబాద్‌లో ఉంది కాబట్టి తెలంగాణ వాళ్లకి కోటా ఉంటుందేమో అని కొందరు అప్లికేషనే పెట్టరు. సెంట్రల్ యూనివర్సిటీకి లోకల్, నాన్‌లోకల్ గొడవ లేదు. ఆ లెక్క ఉండేది ఉస్మానియాలో, అక్కడ జర్నలిజం డిపార్ట్‌మెంటుకి పాత పేరు ఉన్నా మనం నాన్‌లోకల్ కిందకి వస్తాం. హైదరాబాద్‌లోనే ఉన్న ఇఫ్లూలో (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) కూడా జర్నలిజం ఎంఏ ఉంది, దాని నోటిఫికేషన్ విడిగా చూసుకోవాలి. ఢిల్లీ జామియాలో ఉన్న మాస్ కమ్యూనికేషన్ సెంటర్‌కి పేరు చాలా పెద్దది, దానిదీ సొంత పద్ధతే.

ఐఐఎంసీ 1965లో మొదలైంది, ఢిల్లీతో పాటు ఢెంకనాల్, కొట్టాయం, అమరావతి లాంటి చోట్ల కూడా క్యాంపస్‌లు ఉన్నాయి. ఆ అమరావతి మన అమరావతి కాదు, మహారాష్ట్రలోది, చూసుకోకుండా ఎగిరి గంతేయకండి. హిందీకి, ఉర్దూకి, మరాఠీకి, మలయాళానికి, ఒడియాకి అక్కడ జర్నలిజం కోర్సులు నడిపారు, తెలుగుకి లేదు. మనవాళ్లు ఇంగ్లీషు జర్నలిజానికో, రేడియో టీవీకో, యాడ్స్ అండ్ పీఆర్‌కో పెట్టుకోవాలి. ఫీజు మాత్రం సెంట్రల్ యూనివర్సిటీతో పోలిస్తే బాగా ఎక్కువ, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

యానాం వాళ్లకి ఒక చిన్న మాట. మీరు కాగితాల మీద పుదుచ్చేరి వాళ్లు. పాండిచ్చేరి యూనివర్సిటీలో కొన్ని కోర్సుల్లో అక్కడి నివాసులకి విడిగా సీట్లు ఉంటాయి, ప్రాస్పెక్టస్ తెరిచి మీ కోర్సుకి ఉందో లేదో చూసుకోండి. ఎదుర్లంక వంతెన ఇవతల ఉన్న మాకు ఆ అవకాశం లేదు, మీకు ఉంటే వదులుకోకండి.

ఇవన్నీ పెట్టి ఆంధ్రా యూనివర్సిటీ, నాగార్జున లాంటి రాష్ట్ర యూనివర్సిటీల కోసం ఏపీ పీజీసెట్ కూడా రాసి పెట్టుకోండి. పెద్దది రాకపోతే ఏడాది ఖాళీగా ఉండే పరిస్థితి రాకూడదు.

పరీక్ష

సెంట్రల్ యూనివర్సిటీల పీజీ సీట్ల కోసం రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష పేరు సీయూఈటీ పీజీ. ఎన్‌టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ) పెడుతుంది. మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం పేపర్ కోడ్ సీఓక్యూపీ 17, అప్లికేషన్‌లో ఈ కోడ్ తప్పు కొడితే మిగతాదంతా దండగే. 75 ప్రశ్నలు, ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత, 2025లో టైము 90 నిమిషాలు ఇచ్చారు. ఆ ఏడాది పరీక్షలు మార్చి 13 నుంచి ఏప్రిల్ 1 వరకూ జరిగాయి. పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తారీఖులు అలా ఉన్నాయంటే మీరు మూడో ఏడాది సంక్రాంతి పందేలు చూసే సీజన్‌లో అప్లికేషన్ పెట్టేయాలి, మార్చి నాటికి చదివేసి ఉండాలి. మన కాలేజీల్లో చాలామందికి పీజీ గుర్తొచ్చేది ఆఖరి సెమిస్టర్ అయ్యాక, మే నెల ఎండల్లో. అప్పటికి ఆ ఏడాది బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

సెంటర్ల లిస్టులో రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటివి కనిపిస్తే అవే ముందు పెట్టండి. పొద్దున షిఫ్టు పడితే కోనసీమ లోపలి ఊళ్ల నుంచి ఆ రోజే బయల్దేరడం కష్టం, ముందు రాత్రే వెళ్లి చుట్టాలింట్లో పడుకోండి.

సిలబస్ చూస్తే భయం వేస్తుంది కానీ అందులో సగం గుర్తుపెట్టుకునే సరుకే. లాస్‌వెల్ 1948లో చెప్పిన ఎవరు, ఏమని, ఏ దారిలో, ఎవరికి, ఏ ఫలితంతో అన్న అయిదు ప్రశ్నల మోడల్, షానన్ వీవర్ మోడల్, 1972లో మెక్‌కూంబ్స్, షా పేరు పెట్టిన అజెండా సెట్టింగ్, నోయెల్ న్యూమన్ స్పైరల్ ఆఫ్ సైలెన్స్. చట్టాల్లో భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం 19(1)(ఎ), దాని మీద 19(2) ఆంక్షలు, 1971 కోర్టు ధిక్కార చట్టం, 1995 కేబుల్ టీవీ చట్టం, 2005 సమాచార హక్కు. 1867 నాటి ప్రెస్ చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, అది 2024 మార్చి నుంచి అమల్లో ఉంది, పాత గైడ్లు కొన్నవాళ్లు ఇది సరిచేసుకోండి. చరిత్రలో 1780 హికీ బెంగాల్ గెజిట్ అందరూ చదువుతారు. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ చూపించిన సైట్ ప్రయోగం కూడా చదవండి, అది జరిగిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాజమండ్రిలో పుట్టిన కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టిన సంగతి పేపర్‌లో రాకపోవచ్చు, ఇంటర్వ్యూలో మాత్రం మీది ఏ ఊరు అనగానే అక్కరకొస్తుంది.

ఈ థియరీలని ఊరికే బట్టీ పడితే రెండు వారాల్లో ఎగిరిపోతాయి. ఒక్కోదానికి మీ ఊళ్లో ఒక ఉదాహరణ వెతకండి. జిల్లా పేజీలో వారం రోజులు వరసగా ఒకే రోడ్డు గుంతల గురించి వస్తే టీ కొట్టు దగ్గర మాట్లాడుకునేది దాని గురించే. అది అజెండా సెట్టింగ్. పంచాయతీ ఎన్నికల ముందు ఊరంతా ఒక పక్కే ఉందనిపిస్తే రెండో పక్కవాళ్లు నోరు మెదపరు, స్పైరల్ ఆఫ్ సైలెన్స్ అంటే అదే. ఇక మర్చిపోవడం కష్టం.

ఇంగ్లీషు సంగతి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ అంటూ డబ్బులు గుంజే సెంటర్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఈ పరీక్షకి కావాల్సింది మాట్లాడటం కాదు, గబగబా చదివి అర్థం చేసుకోవడం. కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషు పేపర్ ఒకటి ఎవరూ ముట్టుకోకుండా మడత విప్పకుండా పడి ఉంటుంది, దాన్ని మీదే అనుకోండి. నాకు బాగా పనిచేసినట్టు కనిపించిన పద్ధతి ఒకటుంది. తెలుగు పేపర్ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త తీసుకుని, అది మీకు ఎలాగూ తెలిసిన సంగతే కాబట్టి, నూట యాభై మాటల్లో ఇంగ్లీషులో మళ్లీ రాయండి. కొబ్బరి రేటు పడిపోయిన వార్తని ఇంగ్లీషులో రాయబోతే దింపు, వలుపు, కురిడీ, అంబాజీపేట మార్కెట్ అన్నీ బయటివాడికి అర్థమయ్యేలా విడమర్చి చెప్పాల్సి వస్తుంది, అక్కడే రాత వస్తుంది. రోజూ కుదరకపోతే వారానికి మూడు. ఎవరూ దిద్దక్కర్లేదు, ముందు చెయ్యి తిరగాలి.

కాగితాలు, అసలు గండం ఇక్కడే

పేరుతో మొదలుపెడదాం. మన వైపు అన్నవరం మొక్కు పేర్లు ఎక్కువ కదా, పదో తరగతి మెమోలో వీర వెంకట సత్యనారాయణ అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో వి.వి. సత్యనారాయణ అని ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో సత్తిబాబు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక. అప్లికేషన్‌లో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా కొట్టండి, ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్పించుకోండి, ఈ పని రెండో ఏడాదిలోనే అయిపోవాలి. జిల్లా పేరు గురించి మాత్రం బెంగ వద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఇంటర్ మెమోలో తూర్పు గోదావరి ఉండి కొత్త సర్టిఫికెట్‌లో కోనసీమ ఉంటే అందులో తప్పేం లేదు, అడిగితే ఒక్క ముక్కలో చెప్పొచ్చు.

బీసీ వాళ్లు జాగ్రత్తగా చదవండి. గ్రామ సచివాలయంలో ఇచ్చే మామూలు కులధ్రువీకరణ పత్రం మీద బీసీ-బి అనో బీసీ-డి అనో ఉంటుంది. అది రాష్ట్రానికి. సెంట్రల్ యూనివర్సిటీకి కావాల్సింది ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (బీసీల్లో బాగా స్థితిపరుల కిందకి రారని చెప్పే కాగితం), అది కేంద్రం ఫార్మాట్లో ఉండాలి. రాష్ట్ర బీసీ లిస్టులో ఉన్న కులాలన్నీ సెంట్రల్ లిస్టులో ఉండవు, ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. రెండోది తారీఖు. అడ్మిషన్ జరిగే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే అడుగుతారు. జనవరిలో అప్లికేషన్ కోసమని తీసి బీరువాలో దాచుకున్న కాగితం జులైలో చెల్లదంటారు, అప్పుడు హైదరాబాద్‌లో కౌంటర్ దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేసి నాన్నని తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిప్పిన పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయంలో అప్లికేషన్ పెట్టేయండి. ఇంకోటి, ఆదాయం 8 లక్షలు దాటిందని చాలామంది రైతులు, జీతగాళ్లు అసలు అడగరు. ఆ 8 లక్షల లెక్కలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. తల్లిదండ్రుల ఉద్యోగ హోదాకీ, భూమి పరిమాణానికీ వేరే షరతులున్నాయి, అవి చూసుకుని అడగండి.

ఓసీలకి ఈడబ్ల్యూఎస్, అంటే ఆర్థికంగా వెనకబడినవాళ్ల కోటా. ఆదాయం 8 లక్షల లోపు అన్న ముక్క అందరికీ తెలుసు, ఆస్తి సంగతి తెలీదు. కేంద్రం నిబంధన ప్రకారం కుటుంబానికి అయిదెకరాలు, ఆపైన వ్యవసాయ భూమి ఉంటే రాదు. వరి చేనే కాదు, కొబ్బరితోటా లెక్కే, రెండు ఊళ్లలో ఉన్నది కలిపి చూస్తారు. వెయ్యి చదరపు అడుగులు, ఆపైన ఫ్లాట్ ఉన్నా రాదు. ఇళ్ల స్థలమైతే నోటిఫైడ్ మున్సిపాలిటీల్లో వంద గజాలు, బయట రెండొందల గజాలు హద్దు. రెండొందల గజాలంటే మన సెంట్ల లెక్కలో నాలుగు సెంట్ల పైచిలుకే, పల్లెల్లో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. కుటుంబం అంటే మీరు, అమ్మానాన్న, పద్దెనిమిది లోపు తోబుట్టువులు (పెళ్లయితే భార్యో భర్తో, పిల్లలూ). తాతగారు ఆ నిర్వచనంలో లేరు. దీనిక్కూడా ఆ ఆర్థిక సంవత్సరం కాగితమే కావాలి, కేంద్రం ఫార్మాట్ అని నోరు తెరిచి చెప్పాలి, లేకపోతే రాష్ట్రానిది చేతిలో పెడతారు.

తర్వాత యూనివర్సిటీ వైపు కాగితాలు. మన రెండు గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీలు ఆదికవి నన్నయ యూనివర్సిటీ కిందవి. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, కాలేజీ నుంచి టీసీ, యూనివర్సిటీ నుంచి మైగ్రేషన్ (వేరే యూనివర్సిటీకి వెళ్లడానికి ఇచ్చే సర్టిఫికెట్). మైగ్రేషన్ అడగందే ఎవరూ ఇవ్వరు. ఆరో సెమిస్టర్ రిజల్ట్ ఆలస్యమైతే చాలా యూనివర్సిటీలు తాత్కాలికంగా చేర్చుకుని ఒక గడువు ఇస్తాయి, అయితే ఒక్క బ్యాక్‌లాగ్ ఉన్నా ఆ గడువు లోపల తేలదు. రెండో సెమిస్టర్‌లో పోయిన సబ్జెక్టుని "తర్వాత రాద్దాంలే" అని మూడో ఏడాది దాకా లాగేవాళ్లకి చెప్తున్నాను.

చేసిన పని చూపించండి

మార్కులు, స్కోరు అందరికీ ఉంటాయి. ఇంటర్వ్యూనో, ఎందుకు చేరాలనుకుంటున్నారో రాయమనో అడిగే చోట మీ చేతిలో చేసిన పని ఉండాలి. దీనికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన డిగ్రీలోనే మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది, రెండో ఏడాది అయ్యాక చిన్న ఇంటర్న్‌షిప్, చివర్లో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. వీటిని ఎలా కానిచ్చేస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నెట్ సెంటర్‌లో పాత రిపోర్టు ప్రింటు తీయించి, ఎవరికో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చి, సార్ సంతకం పెట్టించుకోవడం. మీడియాకి వెళ్లాలనుకున్నవాళ్లు ఈ నెలల్ని అలా పారేసుకుంటే అంతకంటే దండగ లేదు.

ఉదాహరణకి వరద హెచ్చరిక తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీ స్క్రోలింగ్‌లో ఇదే తిరుగుతుంది. లంకలో ఉన్న పెద్దాయనకి ఈ అంకెతో పనిలేదు, ఆయన రేవులో ఎన్నో మెట్టు మునిగిందో చూసుకుంటాడు, భద్రాచలంలో ఎంత ఉందో అల్లుడికి ఫోన్ చేసి కనుక్కుంటాడు, దాన్ని బట్టి గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలాలా వద్దా అని తేల్చుకుంటాడు. సచివాలయం నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, దండోరా వేస్తారు, ఈలోపు ఎవరో 1986 నాటి వరద ఫొటో ఇప్పటిదని చెప్పి గ్రూపులో పడేస్తారు. ఒకే హెచ్చరిక ఇన్ని దారుల్లో వచ్చి, ఏది నమ్మాడు, ఏది నమ్మలేదు, ఎందుకని? 2022 జులై వరద చూసిన ఇరవై ఇళ్ల వాళ్లని కూర్చోబెట్టి ఇదే అడిగి, మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకుని, పది పేజీలు రాస్తే అది అచ్చమైన కమ్యూనికేషన్ పరిశోధన. లాస్‌వెల్ అయిదు ప్రశ్నలూ అందులోనే ఉన్నాయి. ఇది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద పెట్టేయొచ్చు, క్రెడిట్లూ వస్తాయి, ఇంటర్వ్యూలో మాట్లాడటానికీ ఉంటుంది. మనుషుల మాటలు రికార్డు చేసేటప్పుడు అడిగి చేయండి, పేర్లు వద్దన్నవాళ్ల పేర్లు రాయకండి, ఇది అక్కడ తప్పకుండా అడుగుతారు.

వరద నచ్చకపోతే నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లండి, సఖినేటిపల్లి రేవులో పంటు మీద రోజూ దాటేవాళ్లని పట్టుకోండి, 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే పెట్టినప్పుడు (పంట వేయకుండా మానేసినప్పుడు) పేపర్లు ఏం రాశాయో పాత కట్టలు తిరగేయండి. పనికిరాని విషయమంటూ లేదు. ఆత్రేయపురం పూతరేకుల మీద వీడియో మాత్రం వద్దు, ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఇంటర్న్‌షిప్ కోసం మీ మండలంలో పేపర్‌కి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌ని అడగండి. చాలామంది వద్దనరు, వెంట తిప్పుకుంటారు. ఆయన జీతం అంతంతమాత్రం, యాడ్స్ తెమ్మని పైనుంచి ఒత్తిడి ఉంటుంది, అదీ చూస్తారు, మంచిదే. ప్రెస్ నోట్ అచ్చు గుద్దేయడానికీ, వెళ్లి చూసి రాయడానికీ తేడా ఒక్క వారంలో తెలిసిపోతుంది. మీ పేరుతో రాకపోయినా మీరు రాసిచ్చినవి కత్తిరించి, మీ చిత్తుప్రతితో పాటు ఫైల్లో పెట్టుకోండి.

ఎందుకు చేరుతున్నారో రాసే పేజీ

"చిన్నప్పటి నుంచీ నాకు మీడియా అంటే ఎంతో ఆసక్తి" అని మొదలుపెట్టకండి. వందలో తొంభై మంది అదే రాస్తారు, చదివేవాళ్లకి కళ్లు మూతలు పడతాయి. "మా లంకకి వరద వార్త మూడు దారుల్లో వస్తుంది, అందులో మా వాళ్లు నమ్మేది ప్రభుత్వానిది కాదు" అని మొదలుపెడితే తర్వాతి వాక్యం చదవక తప్పదు. అదే నిజం అవ్వాలి, ఊహించి రాస్తే మూడో ప్రశ్నకే దొరికిపోతారు. ఇంగ్లీషు పెద్ద పెద్ద మాటలు ఏఐతో రాయించి పెట్టేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు, రాతలో అంత నున్నగా ఉండి ఎదురుగా కూర్చుని రెండు వాక్యాలు చెప్పలేకపోతే అది ఇంకా చేటు.

ఇంటర్వ్యూలో తడబడితే తడబడండి, పర్లేదు. తెలియనిది తెలియదనండి. రోజూ ఏం చదువుతారు, ఏ వార్త మీకు నచ్చలేదు, ఎందుకు, అన్న ప్రశ్నలు వస్తాయి. ఒక పేపర్ని తిట్టేసి ఊరుకోకుండా, ఫలానా రోజు ఫలానా వార్తలో ఒక పక్షం వాదన లేదు అని చెప్పగలగాలి. మాటకి ముందూ వెనకా "అండి" వస్తే నవ్వుతారేమో అని భయపడతారు, ఎవరూ నవ్వరు.

ఇంట్లో ఒప్పించడం

ఇది రాయకపోతే అమ్మాయిలు ఊరుకోరు. "అంత దూరం ఎందుకండి, ఇక్కడే బీఈడీ చేసుకోవచ్చు కదా" అనే మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. భవిష్యత్తు గురించి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. క్యాంపస్ హాస్టల్, మెస్ ఖర్చు ఎంతో నెలవారీ లెక్క కాగితం మీద రాసి చూపించండి. కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే లింగంపల్లిలో దిగొచ్చని, యూనివర్సిటీ అక్కడికి దగ్గరేనని చెప్పండి. మా పెద్దవాళ్లలో చాలామందికి దూరం అంటే భయం కాదు, రైలు మారాలంటే భయం. వీలైతే నాన్నని ఒకసారి తీసుకెళ్లి గేటు లోపల తిప్పి తీసుకురండి. ఉద్యోగం వస్తుందా అన్న ప్రశ్నకి టీవీ యాంకర్లని చూపించకండి, అది వాళ్లకి ఇంకా బెంగ. ఆసుపత్రుల నుంచి ఆక్వా కంపెనీల దాకా కమ్యూనికేషన్ మనుషులు కావాలి, ఆకాశవాణి, దూరదర్శన్, సమాచార శాఖ నోటిఫికేషన్లకి కూడా ఈ డిగ్రీ పనికొస్తుంది, అది చెప్పండి.

స్కోరు వచ్చాక

స్కోరు కార్డు రాగానే సీటు వచ్చినట్టు స్వీట్లు పంచేస్తారు. సీయూఈటీ స్కోరు ఇస్తుందంతే, సీటు ఇవ్వదు. ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ పోర్టల్‌లో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయాలి, మళ్లీ ఫీజు కట్టాలి, ఒక్కోదానికి ఒక్కో గడువు. మంచి స్కోరు పట్టుకుని, పిలుపు వాళ్లే పంపుతారని ఇంట్లో కూర్చుని సీటు పోగొట్టుకున్నవాళ్లు మన కాలేజీల్లో కొల్లలు. రిజల్ట్ వచ్చిన రోజు నుంచి మీరు పెట్టదలచిన యూనివర్సిటీల అడ్మిషన్ పేజీలు రోజూ పొద్దునొకసారి, రాత్రొకసారి తెరవండి. మెయిల్ స్పామ్‌లో పడుతుంది, అదీ చూడండి. అప్లికేషన్‌లో ఇచ్చిన ఫోన్ నంబర్ అడ్మిషన్ అయ్యేదాకా మార్చకండి, నెట్ సెంటర్ వాడి మెయిల్ ఐడీ అసలు ఇవ్వకండి, ఓటీపీ కోసం వాడి చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మొదటి లిస్టులో పేరు లేకపోతే రెండోది, మూడోది చూడాలి, పైవాళ్లు ఐఐఎంసీకో ఇంకెక్కడికో వెళ్లిపోతే సీట్లు కిందకి జరుగుతాయి. సీటు వచ్చిందన్నాక ఫీజు కట్టడానికి ఇచ్చే వ్యవధి రెండు మూడు రోజులే ఉండొచ్చు. తొలకరి నాట్ల రోజుల్లో చేతిలో డబ్బు ఆడదు కాబట్టి జూన్ నాటికే ఆ మొత్తం బ్యాంకులో విడిగా ఉంచమని ఇంట్లో చెప్పండి. ఆఖరి రోజు సాయంత్రం సర్వర్ పడిపోతుంది, మన ఊళ్లో కరెంటూ పోతుంది, ముందు రోజే కట్టేసి రసీదు మూడు కాపీలు తీసుకోండి.